ఇనుప పొడి కరగకుండానే గట్టి గేరుగా ఎలా మారుతుంది?

ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కదా, మరి సుమారు 1120 డిగ్రీల కొలిమిలోనే పొడి ఎలా అతుక్కుంటుందని మీ ప్రశ్న.

కారణం ఉపరితల శక్తి. లోహాన్ని పొడి చేసేకొద్దీ బయటి తలం విపరీతంగా పెరుగుతుంది, దాంతో ఈ శక్తీ పెరుగుతుంది. దాన్ని తగ్గించుకోవడానికి, వేడిలో పరమాణువులు రేణువులు తాకిన చోటికి జరుగుతాయి. అక్కడ సన్నని అతుకు పుట్టి క్రమంగా లావవుతుంది. అదే సింటరింగ్.

అసలు కిటుకు మాత్రం పొడి ఆకారంలో ఉంది. కరిగిన ఇనుప ధారను నీటి జెట్లతో కొడితే వంకరటింకర రేణువులొస్తాయి, ఆర్గాన్ వాయువుతో కొడితే గుండ్రటివి. చాలామంది గుండ్రటివే మేలనుకుంటారు. కానీ కొలిమిలో పెట్టే ముందు పొడిని డైలో, అంటే గేరు ఆకారపు అచ్చులో, నొక్కుతారు. అందుకు వంకరవే కావాలి. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి కాబట్టి కొలిమికి చేరేదాకా ముక్క విడిపోదు. అప్పటికి చేత్తో ఎత్తేంత గట్టిగా ఉంటుంది గానీ, కింద పడితే అంచులు రాలిపోతాయి. గుండ్రటి పొడి ఇసుకలా జారుతుంది, 3డీ ప్రింటింగ్‌కు అదే సరైనది.

మన హైదరాబాద్‌లో దీనిపై పనిచేస్తున్న సంస్థ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే లోహపు పొడుల పరిశోధన కేంద్రం. ఉక్కు పొడిని యిట్రియాతో (యిట్రియం ఆక్సైడ్) కలిపి గంటల తరబడి మిల్లులో నూరి చేసే ఓడీఎస్ స్టీలు (ఆక్సైడ్ రేణువులతో బలపరచిన ఉక్కు) అక్కడి పరిశోధనల్లో ఒకటి. లోపల చెదిరిన నానో ఆక్సైడ్ రేణువులు ఎక్కువ వేడిలో స్టీలు సాగిపోకుండా ఆపుతాయి. రియాక్టర్లకు, టర్బైన్లకు పనికొచ్చే ఈ పని నా దృష్టిలో ఎంతో విలువైనది. స్పార్క్ ప్లాస్మా సింటరింగ్‌లో అయితే ఒత్తిడితో పాటు కరెంటు పంపి పొడి అతుక్కునే పనిని నిమిషాల్లోనే ముగిస్తారు, నానో నిర్మాణం ముతకబారే వ్యవధి ఉండదు.