టెక్ సందేహాలు: లెవెల్ పెంచిస్తామంటే ఐడీ చేతిలో పెట్టేస్తారా?

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల మీద ఉత్తరాలు ఆగట్లేదు. గేమ్ పేరు మారుతుంది, గోడు మాత్రం అదే. ఈసారి మూడు ప్రశ్నలూ వాటి మీదే.

ప్రశ్న: రూన్‌స్కేప్ గేమ్‌లో వుడ్‌కటింగ్ (చెట్లు నరికే స్కిల్) లెవెల్ 92 దాకా చకచకా వచ్చేశాను. అక్కణ్నుంచి నత్తనడక. కావాలనే నా ఐడీని స్లో చేశారంటారా? 99కి ఇంకెంత దూరం?

ఎవరూ ఏమీ చేయలేదు. మీరు సరిగ్గా సగం దారిలో ఉన్నారు, అంతే. 99కి కావాల్సిన ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, 1,30,34,431. 92కి అయ్యేది 65,17,253. 85 దగ్గరైతే పావు వంతే. అంటే ఇంచుమించు ఏడు లెవెళ్లకోసారి లెక్క రెట్టింపవుతుంది. మొదటి లెవెల్ దాటడానికి 83 ఎక్స్‌పీ చాలు, 98 నుంచి 99కి వెళ్లడానికి మాత్రం 12,28,825 కావాలి. గేమ్‌లో 'యూ' (yew) అనే రకం చెట్టు నరికితే దుంగకి 175 చొప్పున, ఆ ఒక్క లెవెల్‌కే ఏడు వేల పైచిలుకు దుంగలు. బార్ వైపు చూస్తూ కూర్చోకండి. గంటకి మీకు ఎంత ఎక్స్‌పీ వస్తోందో చూసుకుని, మిగిలిన అంకెని దాంతో భాగించండి. వచ్చిన గంటలు చూసి గుండె జారితే పద్ధతి మార్చండి, లేదా ఆ స్కిల్‌ని అక్కడే వదిలేయండి.

ఈ లెక్క కఠినమే కానీ దాపరికం లేదు. నాకు ఒళ్లు మండేది వేరే రకం గేముల మీద. ముందు తేడా తెలియడానికి ఒక పాత గేమ్ చూడండి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ టెస్టింగ్ దశలో ఉన్నప్పుడు, ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి పడిపోయేది. ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు. అప్పుడు ఆ సగాన్నే 'మామూలు' అనేసి, విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్లకి 'రెట్టింపు' అన్నారు. అంకెలు అవే, గొడవ మాత్రం సద్దుమణిగింది. ఆటలోని సత్రంలోనో నగరంలోనో లాగౌట్ అయితే 8 గంటలకి లెవెల్‌లో 5 శాతం చొప్పున బోనస్ పోగవుతుంది, లెవెలున్నర దగ్గర ఆగుతుంది. పది రోజులు రాకపోయినా ఆట మీ కోసం దాచిపెడుతుందన్నమాట. ఇప్పటి మొబైల్ గేముల్లో చాలావాటి తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 28 రోజులు వరుసగా లాగిన్ అవ్వాలి, ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకుంటే వరుస తెగిపోతుంది. తెగినదాన్ని అతికించుకోవడానికి మళ్లీ డబ్బులు. ఆటా, హాజరుపట్టీయా?

ప్రశ్న: రూ. 1,500 ఇస్తే వారంలో మ్యాక్స్ లెవెల్ చేసి ఇస్తామని ఒక గ్రూపులో అన్నారు. గూగుల్ లాగిన్, ఓటీపీ అడుగుతున్నారు. పనయ్యాక పాస్‌వర్డ్ మార్చేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఇదే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో! మీరు ఇస్తున్నది గేమ్ ఐడీ కాదు, గూగుల్ ఐడీ. అందులో మీ మెయిల్ ఉంది, ఫొటోలున్నాయి, ఫోన్ బ్యాకప్ ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చే ఇన్‌బాక్స్ ఉంది. మత్స్యకన్యతో పోరాడే బొమ్మకి నాలుగు లెవెళ్లు పెరగడం కోసం అంత ఇస్తారా? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

లోపలికొచ్చినవాడు ముందు చేసే పని ఆడటం కాదు. రికవరీ మెయిల్ మారుస్తాడు, తన ఫోన్‌లో పాస్‌కీ (పాస్‌వర్డ్ లేకుండా ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే తాళంచెవి) పెట్టుకుంటాడు, ఓటీపీ బదులు వాడే బ్యాకప్ కోడ్‌లు కాపీ చేసుకుంటాడు. జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెడతాడు, సెక్యూరిటీ హెచ్చరికలు మీ కంట పడకుండా నేరుగా ట్రాష్‌కి పోతాయి. వారం తర్వాత మీరు పాస్‌వర్డ్ మార్చినా అతను మళ్లీ రావడానికి దారులున్నాయి. పైగా చాలా గేముల్లో గూగుల్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అప్పటికే ఆడుతున్న ఫోన్ బయటికి పోదు.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఈ వరుసలోనే చేయండి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ తెరిచి రికవరీ నంబరు, మెయిల్ మీవేనా చూడండి. పాస్‌వర్డ్ మార్చండి. 'మీ పరికరాలు'లో తెలియని ఫోన్‌ని సైనౌట్ చేయండి. పాస్‌కీల జాబితాలో మీది కానిది తీసేయండి. కొత్త బ్యాకప్ కోడ్‌లు తీసుకుంటే పాతవి చెల్లవు. ఆ తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడండి. ఫోన్ యాప్‌లో ఫార్వర్డింగ్ కనబడదు, అందుకే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చివరగా గేమ్ లోపల, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అయ్యే మీట ఉంటే నొక్కండి.

ఇంకో రకం ఇంతకంటే ప్రమాదం. 'ఐడీ అక్కర్లేదు, ఈ ఏపీకే వేసుకుంటే అదే ఫార్మింగ్ చేస్తుంది' అంటారు. అంటే ప్లే స్టోర్‌లో కాకుండా నేరుగా పంపే యాప్ ఫైల్, మీ బదులు అదే ఆడి పాయింట్లు పోగేస్తుందట. వేశాక యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వేసుకున్న యాప్‌లకి ఆ అనుమతి ఇవ్వబోతే ఫోనే అడ్డుకుంటుంది. అప్పుడు యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి, 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్' అనుమతించమని వీడియో పంపుతారు. అడ్డుగోడని మీ చేత్తోనే కూల్పిస్తున్నారని అప్పుడైనా తెలియాలి. ఆ అనుమతి దొరికిన యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో దాని అర్థం విడమర్చి చెప్పాలా? వేసేసి ఉంటే నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లో యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే ముందు డివైస్ అడ్మిన్ జాబితాలోంచి దాన్ని తప్పించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఐడీని పంచుకోవడం నిబంధనల ప్రకారం నిషేధమని బ్యాన్ చేస్తారు కూడా. అది వీటన్నిటిలో చిన్న నష్టం.

ప్రశ్న: బాస్‌ని (గేమ్‌లోని పెద్ద శత్రువుని) చంపితే ఒక కత్తి వచ్చే అవకాశం, అదే డ్రాప్, 1 శాతం అన్నారు. 100 సార్లు చంపినా ఆ కత్తి రాలేదు. మోసమే కదా?

కాదు. 100 సార్లు ప్రయత్నించినవాళ్లలో దాదాపు 37 శాతం మంది ఉత్తచేతుల్తోనే మిగులుతారు. 300 సార్లయ్యాక కూడా నూటికి ఐదుగురికి రాదు. ప్రతిసారీ లెక్క మొదటి నుంచే, ఇంతకుముందు రాలేదని ఈసారి జాలిపడదు. కొన్ని గేముల్లో ఇన్నిసార్ల తర్వాత తప్పక ఇస్తామని హామీ ఉంటుంది. ఆ అంకె ఎంతో, సీజన్ మారితే మళ్లీ సున్నాకి వస్తుందో లేదో ముందే చదువుకోండి.

బాస్‌ని చంపితే పోయేది సమయమే. డబ్బులిచ్చి, లోపల ఏముందో తెలియని పెట్టెలు తెరిచే గేముల్లో ఈ లెక్క జేబుకి తగులుతుంది. అవకాశం ఎంతో బయటపెట్టాలని చైనా 2017లో, దక్షిణ కొరియా 2024లో నిబంధన తెచ్చాయి. బెల్జియం 2018లో డబ్బుతో కొనే పెట్టెల్ని జూదం కిందే లెక్కగట్టింది. మన దగ్గర సమాచారం మెనూలో నాలుగు మెట్లు దిగితే గానీ దొరకదు. కొనే మీట మాత్రం స్క్రీన్ నడిమధ్యన మెరుస్తుంటుంది.

పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేవాళ్లు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ వెరిఫికేషన్ అడిగేలా పెట్టండి. అప్పటికే కొనేసి ఉంటే 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగొచ్చు, ఆ గడువు దాటితే గేమ్ చేసినవాళ్లనే అడగాల్సి వస్తుంది. కోపంలో ముందే బ్యాంకుకి వెళ్లి లావాదేవీని వెనక్కి తిప్పించకండి. అలా చేస్తే చాలా గేములు ఐడీకే తాళం వేసేస్తాయి.