విజయవాడలో పిస్టల్ షూటింగ్ మొదలుపెట్టాలంటే ముందే గన్ కొనాలా? లైసెన్స్ కావాలా?

ఇప్పుడే కొనకండి. కొత్తవాళ్లు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో. అందులో మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడితోనే 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ వెళ్తుంది. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఇలాంటి ఎయిర్ గన్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. మందుగుండు తూటా కాల్చే .22 పిస్టల్‌కు మాత్రం తప్పదు, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బెజవాడలోనో గుంటూరులోనో కోచ్ ఉన్న రేంజ్ చూసుకుని, కొన్నాళ్లు అక్కడి పిస్టలే వాడండి. గ్రిప్ మీ చేతికి కుదురుతుందో లేదో ఫొటోలు చూస్తే తెలియదు.

కష్టమంతా ట్రిగ్గర్ దగ్గరే. ఒంటి చేత్తో కాల్చాలి, పది పాయింట్ల వలయం చూస్తే 11.5 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తాం అంత! చూపు ఫ్రంట్ సైట్ (గొట్టం చివర గురి చూసుకునే మొన) మీద నిలపండి, టార్గెట్ మసగ్గా కనిపించినా పర్లేదు. చెయ్యి ఊగుతుంది, ఒలింపిక్స్‌కు వెళ్లినవాళ్లకీ ఊగుతుంది. అది ఆగేదాకా కాచుకుని ఒక్కసారిగా లాగితే గురి చెడుతుంది. మెల్లగా నొక్కుతూ పోవాలి. కుదరకపోతే కాల్చకుండా చెయ్యి దించేయండి. ఎప్పుడైనా సరే గొట్టం టార్గెట్ వైపే ఉండాలి, గురిపెట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు.

అన్నట్టు, మన ఎండాకాలం చెమటకి గ్రిప్ జారుతుంది, ఓ తువ్వాలు పట్టుకెళ్లండి.