ఫిక్స్‌డ్ టారిఫ్ ఎప్పుడు తీసుకోవాలి: బ్రిటన్‌లోని రెడింగ్‌లో కాపురం పెట్టిన అమ్మాయికి పెదనాన్న లేఖ

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు.

గ్యాసు, కరెంటు సరఫరా చేసే సంస్థను ఇప్పుడే మార్చాలా, ఏడాది పాటు ధర మారని ఫిక్స్‌డ్ టారిఫ్ తీసుకోవాలా, లేక కొన్నాళ్లు ఆగి చూడాలా అని అడిగావు. ధరలు రేపు పెరుగుతాయో తగ్గుతాయో ఊహించి ఈ నిర్ణయం తీసుకోవడం నాకు సమ్మతం కాదు. నీ ఇంటి వాడకం ఎంతో, అది ఏ నెలల్లో ఎక్కువగా పడుతుందో తెలుసుకుని, కాగితం మీద లెక్క వేసి తీసుకోవలసిన నిర్ణయం ఇది.

మన ఊళ్లో ఇంటికి కరెంటు ఇచ్చే డిస్కమ్ ఒక్కటే, ధర నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, వాడకం పెరిగిన కొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది. బ్రిటన్‌లో శ్లాబులు లేవు. మామూలు టారిఫ్‌లో మొదటి యూనిట్‌కూ చివరి యూనిట్‌కూ ఒకటే ధర, దానికి తోడు వాడినా వాడకపోయినా రోజుకు ఇంత అని స్టాండింగ్ చార్జీ ఉంటుంది. సంస్థ మారినా పైపులు, తీగలు, మీటరు అవే కాబట్టి సరఫరా ఒక్క నిమిషం కూడా ఆగదు. మార్పు సాధారణంగా 5 పనిదినాల్లో పూర్తవుతుంది, మనసు మారితే ఒప్పందాన్ని రద్దు చేసుకోవడానికి 14 రోజుల గడువు ఉంటుంది. కనుక మార్చడానికి భయపడనక్కరలేదు.

నువ్వు ఏమీ ఎంచుకోకపోతే, ఆ ఇంటికి అంతకుముందు సరఫరా చేస్తున్న సంస్థే నిన్ను తన వేరియబుల్ టారిఫ్‌లో, అంటే ధర మారుతూ ఉండే టారిఫ్‌లో, ఉంచుతుంది. ఆ ధరకు నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పరిమితి విధిస్తుంది. అందరూ ప్రైస్ క్యాప్ అనేది దాన్నే. 2019 జనవరిలో మొదలైన ఈ పరిమితి ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీన మారుతుంది, కొత్త ధరను దాదాపు నెల ముందే ప్రకటిస్తారు. వార్తల్లో కనిపించే మొత్తం, ఉదాహరణకు 2025 అక్టోబరులోని 1,755 పౌండ్లు, నీ బిల్లుకు హద్దు కాదు. ఏడాదికి 2,700 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంటు, అదే కొలతలో 11,500 యూనిట్ల గ్యాసు వాడి, డైరెక్ట్ డెబిట్‌తో, అంటే బ్యాంకు ఖాతా నుంచి సంస్థే నేరుగా తీసుకునే పద్ధతిలో, చెల్లించే ఇంటికి అయ్యే ఖర్చు అది. పరిమితి ఉన్నది యూనిట్ ధరకూ స్టాండింగ్ చార్జీకీ మాత్రమే. ఎక్కువ వాడితే బిల్లు ఎంతైనా రావచ్చు. ప్రకటనల్లో ‘ఇన్ని పౌండ్లు ఆదా’ అని రాసేది కూడా తరచుగా ఆ సగటు ఇంటి లెక్కే కనుక దాన్ని నమ్ముకోవద్దు.

నీ లెక్క ఎలా వేయాలో చెబుతాను. ఈ ధరలు కేవలం ఉదాహరణకు అనుకున్నవి. ఏడాదికి 2,000 యూనిట్ల కరెంటు, 8,000 యూనిట్ల గ్యాసు వాడతారనుకో. వేరియబుల్‌లో కరెంటు యూనిట్ 27 పెన్సులు (పెన్సు అంటే పౌండులో వందో వంతు), గ్యాసు 6 పెన్సులు, రెండు స్టాండింగ్ చార్జీలు కలిపి రోజుకు 87 పెన్సులైతే ఏడాదికి సుమారు 1,338 పౌండ్లు. ఫిక్స్‌డ్‌లో అవే 25, 5.7, 88 పెన్సులైతే 1,277 పౌండ్లు. తేడా సుమారు 60 పౌండ్లు, అంటే దాదాపు నాలుగున్నర శాతం. క్యాప్ రాబోయే ఏడాదిలో సగటున అంతకన్నా ఎక్కువ తగ్గితే తప్ప ఫిక్స్‌డ్ వల్ల నీకు నష్టం లేదన్నమాట. 2025లో ఆ సగటు ఇంటి లెక్క ఏప్రిల్‌లో 1,849, జూలైలో 1,720, అక్టోబరులో 1,755 పౌండ్లుగా ఉంది. మామూలు సంవత్సరంలో కదలిక ఏపాటిదో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు. పోల్చే రెండు ధరల్లోనూ 5 శాతం వ్యాట్ కలిసి ఉందో లేదో మాత్రం తప్పక చూడు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. ఇంటిని వెచ్చగా ఉంచే హీటింగ్ వల్ల గ్యాసు వాడకంలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి మార్చి వరకే పడుతుంది. వేసవిలో స్నానాల నీళ్లకు, వంటకు తప్ప అవసరం ఉండదు. అందువల్ల జూలై క్యాప్ తగ్గిందని ఫిక్స్‌డ్ వద్దనుకోవడం, అంతగా వాడని నెలల ధర చూసి, బాగా వాడే నెలల గురించి నిర్ణయించడమే అవుతుంది. నువ్వు పోల్చవలసింది అక్టోబరు, జనవరి క్యాప్‌లతో. ఆగస్టు చివర్లో అక్టోబరు ధర తెలుస్తుంది కాబట్టి, ఆ వారం కూర్చుని లెక్క వేయడం మంచిదని నా అభిప్రాయం. పైగా ఈ చలికాలం నీ కాన్పుకు మీ అమ్మ వచ్చి ఉంటుంది, పసిబిడ్డతో హీటింగ్ పగలంతా వేసే ఉంచవలసి వస్తుంది. పాత అద్దెదారు వాడకాన్నిబట్టి సంస్థ ఇచ్చే అంచనా మీకు సరిపోదు. గ్యాసుకు కాస్త ఉదారంగానే లెక్క వేసుకో. ఇద్దరి జీతాల్లో ఒకటి తగ్గబోయే సంవత్సరంలో, లెక్క సరిసమానంగా తేలినా నేనైతే ఫిక్స్‌డ్‌నే ఎంచుకోమంటాను, ఎందుకంటే ధర హఠాత్తుగా పెరిగితే తట్టుకునే వెసులుబాటు మీకు అప్పుడు తక్కువగా ఉంటుంది.

అయితే వార్తలు చూసి కంగారుతో మాత్రం సంతకం చేయవద్దు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధరలు విపరీతంగా పెరిగాయి. 2023 జనవరికి క్యాప్ 4,279 పౌండ్లకు చేరినా, ప్రభుత్వం 2022 అక్టోబరు నుంచే సగటు ఇంటి బిల్లును 2,500 వద్ద ఆపింది, 2023 జూలైకి క్యాప్ 2,074కు దిగింది. అంతకుముందు 2021 నుంచి దాదాపు 30 సరఫరా సంస్థలు మూతపడినా, ఏ ఇంట్లోనూ దీపం ఆరలేదు. ఆఫ్‌జెమ్ ఆ సంస్థల వినియోగదారుల్లో చాలామందిని వేరే సంస్థలకు అప్పగించింది, ఖాతాలో మిగిలిన డబ్బుకూ రక్షణ కల్పించింది.

ఒప్పందంలో ఎగ్జిట్ ఫీజు, అంటే గడువుకు ముందే వదిలేస్తే కట్టవలసిన రుసుము, ఎంతో, అది గ్యాసుకూ కరెంటుకూ విడివిడిగా ఉందో చూడు. పై ఉదాహరణలో ఒక్కోదానికి 50 పౌండ్లుంటే మధ్యలో బయటకు రావడానికి 100 అవుతుంది, ఆదా చేసిన ఆ 60 పౌండ్లూ పోయి ఎదురు కట్టవలసి వస్తుంది. ఒప్పందం చివరి 49 రోజుల్లో మాత్రం ఆ ఫీజు తీసుకోకూడదు, కాబట్టి ముగిసే తేదీకి ఏడు వారాల ముందే మళ్లీ ధరలు చూసుకోవాలని ఫోన్లో గుర్తు పెట్టుకో. మీది అద్దె ఇల్లు. బిల్లు కట్టేది మీరే అయితే సంస్థను ఎంచుకునే హక్కూ మీదే, కానీ ఇల్లు మారితే టారిఫ్ వెంట వస్తుందా, ఫీజు పడుతుందా అని సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకో.

డైరెక్ట్ డెబిట్ మొత్తాన్ని ధరగా భావించవద్దు. నెలకు తక్కువ అడిగే సంస్థ చవకైనదని కాదు. అది వాళ్ల అంచనా మాత్రమే. వేసవిలో నీ ఖాతాలో జమ పెరిగి చలికాలంలో కరగడం సహజం. సంస్థ మారిన రోజు రెండు మీటర్ల ఫొటోలు తీసి ఉంచు. పాత సంస్థ ఆరు వారాల్లో చివరి బిల్లు పంపాలి, జమ ఉంటే ఆ తరువాత 10 పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి.

ఈ వారంలోనే రీడింగులు తీసుకుని, గ్యాసు మీటరు మీద ఘనపు మీటర్లు అని ఉందో ఘనపు అడుగులు అని ఉందో చూసి నాకు పంపు, బిల్లులోని యూనిట్లలోకి మార్చే లెక్క దాన్నిబట్టే ఉంటుంది. నాలుగు వారాల తరువాత మరోసారి తీస్తే మీ అసలు వాడకం తెలియడం మొదలవుతుంది, అప్పుడు ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న