ఐర్లాండు పల్లెల్లో కారులో తిరిగి పూర్వీకుల ఇల్లు వెతకడానికి ఎన్ని రోజులు పడుతుంది?

మా ఆయన అమెరికాలో పుట్టినవారు. ఆయన ముత్తాత 1912లో ఐర్లాండులోని మేయో కౌంటీ వదిలి ఓడ ఎక్కారు. ఆ ముత్తాత పుట్టిన ఇంటిని వెతకడానికి మేమిద్దరం వెళ్ళివచ్చాం గనుక, భార్యతో కలిసి అలాంటి ప్రయాణమే చేయదలచిన మీకు జవాబు చెప్పే అర్హత కొంత ఉందనుకుంటున్నాను. రోజుల సంగతి తర్వాత చూద్దాం. మీ చేతిలో ఉన్నది ఇంటిపేరా, పొలం పేరా అన్నది ముందు చెప్పండి. ఇంటిపేరు ఒక్కటే ఉంటే ఇంకా టికెట్లు కొనకండి.

పొలం పేరంటే అక్కడివారు టౌన్‌ల్యాండ్ అనేది, ఊరికంటే చిన్నదైన భూవిభాగం. దేశమంతటా అవి 60 వేలకు పైగా ఉన్నాయి, కొన్నింటిలో పది ఇళ్ళు కూడా ఉండవు. 1847 నుంచి 1864 వరకు గ్రిఫిత్ అనే అధికారి పేరిట జరిగిన భూమి మదింపులో, మన అడంగల్‌లో ఉన్నట్టే, ఏ పొలం ఎవరి సాగులో ఉందో వరసగా రాసి ఉంటుంది. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ రికార్డు కార్యాలయం తగలబడి శతాబ్దాల కాగితాలు బూడిదైనా, 1901, 1911 జనాభా లెక్కలు మాత్రం మిగిలాయి, వాటిని ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. ఇది తెలియక మేము ఒక సంస్థకు డబ్బు కట్టాం. వాళ్ళు మాకు పంపింది ఇంటిపేరు మీద ఒక వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్), రెండు పేజీల వీరగాథ. అలాంటి చిహ్నాలు ఒక్కొక్క వ్యక్తికి ఇచ్చేవే తప్ప ఇంటిపేరు ఉన్నవారందరికీ చెందవని ఆ తర్వాత తెలుసుకున్నాం. డబ్లిన్ దుకాణాల్లో కప్పుల మీద అచ్చువేసి అమ్ముతున్నదీ అదే సరుకు.

1901 లెక్కలో మా వాళ్ళ ఇల్లు దొరికింది. ముత్తాతకు అప్పుడు తొమ్మిదేళ్ళు, తండ్రి వృత్తి నేతపని, నాయనమ్మ వయసు 56. పదేళ్ళ తర్వాతి లెక్కలో ఆ నాయనమ్మకు 71! మధ్యలో 1909 నుంచి 70 దాటినవారికి ప్రభుత్వం పెన్షను ఇవ్వడం మొదలైంది, పుట్టుకల నమోదేమో 1864లో గాని రాలేదు గనుక ఆవిడ వయసును కాదనగల కాగితం ఎవరి దగ్గరా లేదు. మా ఊళ్ళో పెన్షను కోసం ఆధార్‌లో వయసు దిద్దించుకున్న పెద్దమ్మలను చూసి పెరిగినదాన్ని గనుక ఆవిడ నాకు వెంటనే చుట్టమైపోయింది. లెక్క రాయడానికి వచ్చిన పోలీసు ఇంటి వివరాలు కూడా నమోదు చేసుకున్నాడు: గోడలు రాతివి, కప్పు గడ్డిది, ముందువైపు కిటికీలు రెండు, మూడో తరగతి ఇల్లు.

అక్కడ వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. మా ఆయన కుడివైపుకు అలవాటుపడ్డవారు, విమానాశ్రయం దాటకముందే రెండుసార్లు గట్టు ఎక్కించారు. విజయవాడలో నేర్చుకున్న నేను స్టీరింగు తీసుకున్నాను, పటం ఆయన పట్టుకున్నారు. ఈ ఏర్పాటు మా కాపురానికి కూడా మేలు చేసింది. మాస్క్ సరస్సు పడమటి ఒడ్డు ఐరిష్ మాట్లాడే ప్రాంతం, దారి పలకల మీద ఇంగ్లీషు ఉండదు, ఫోనేమో ఇంగ్లీషు పేర్లే చెబుతుంది. మా టౌన్‌ల్యాండ్ పేరు 'డెరి' అని మొదలవుతుంది, అంటే ఓక్ చెట్ల తోపు. మన చింతలపూడి వంటి పేరన్నమాట. ఓక్ చెట్టు మాత్రం కనుచూపుమేరలో ఒక్కటీ లేదు.

మధ్యలో గడ్డి మొలిచి, రెండు పక్కలా రాళ్ళగోడలు అద్దాలను రాసుకునే సందులో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. రెండు వందల గజాలు వెనక్కి నడిపాను. ట్రాక్టరు రైతు దిగివచ్చి ఎవరి కోసమని అడిగితే మా ఆయన గర్వంగా ఇంటిపేరు చెప్పారు. ఆ కొండవాలులో సగంమందిది అదే ఇంటిపేరని, వాళ్ళలో ఏ వాళ్ళని ఆయన అడిగారు. మా ఆయనకు నోట మాట రాలేదు. నేను ఫోనులో 1901 కాగితం తీసి, తండ్రి నేతపని చేసేవాడట అన్నాను. "నేతగాడి వాళ్ళా, అలా చెప్పరేం," అని ఆయన మళ్ళీ ట్రాక్టరెక్కి దారి చూపించారు. తన పొలంలో ఒక మూలను వాళ్ళు ఇప్పటికీ నేతగాడి దొడ్డి అనే పిలుస్తారట. అందుకు కారణమేమిటో ఆయనకు ఆ రోజు వరకు తెలియదట.

కప్పు లేదు, పొయ్యి ఉన్నచోట చెట్టు మొలిచింది, లోపల మోకాళ్ళ ఎత్తున దురదగొండి. ముందుగోడలో కిటికీ ఒక్కటే కనిపించేసరికి మా ఆయన ముఖం వాడిపోయింది. నేను నాచు గీకి చూస్తే గడపకు అవతల, సరిగ్గా అదే ఎత్తులో, చిన్న చిన్న రాళ్ళు పేర్చి మూసేసిన రెండో కిటికీ బయటపడింది. లోపలివైపు దాని చట్రంలోని చెక్క ఒక మూరెడు ఇంకా మిగిలి ఉంది.

ఆ రాత్రి బస నుంచి మా అత్తగారికి ఫోను చేశాం. ఆవిడ అంతా విని, మూసేసిన కిటికీ కుడిదా ఎడమదా అన్నారు. కిటికీ పక్కన కూర్చుని తన తండ్రి మగ్గం నేసేవారని తాతగారు చెప్పేవారట. నేను ఎడమ అన్నాను, మా ఆయన కుడి అన్నారు, తీసిన ఫొటోలన్నిటిలోనూ చెట్టు అడ్డం వచ్చింది. అందువల్ల మేము అయిదు రోజులనుకున్న ప్రయాణం ఆరు రోజులైంది. మర్నాడు మళ్ళీ అదే సందులోకి వెళ్ళాం, మళ్ళీ అదే ట్రాక్టరు ఎదురైంది, నేను మళ్ళీ రెండు వందల గజాలు వెనక్కి నడిపాను. ఎడమదే.