బాక్సింగ్‌లో క్యూబాకు ఒలింపిక్ స్వర్ణాలు, మెక్సికోకు ప్రపంచ టైటిళ్లు: ఎందుకిలా?
ప్రధాన కారణం ఎన్ని రౌండ్లు ఆడతారన్నదే. 1962లో క్యూబా ప్రొఫెషనల్ క్రీడలను నిషేధించాక అక్కడి బాక్సర్లకు ఒలింపిక్సే శిఖరమైంది. ఉన్నవి మూడే రౌండ్లు. అందుకే పాదాల కదలిక, దూరం కొలవడం, కొట్టి తప్పుకోవడం నేర్పారు. తియోఫిలో స్టీవెన్‌సన్ 1972, 1976, 1980లలో వరుసగా హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచాడు, ఎంత అందమైన జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే పంచ్) అతనిది!

మెక్సికోలో బాక్సింగ్ బతుకుతెరువు. టైటిల్ పోరు 12 రౌండ్లు కాబట్టి ప్రత్యర్థిని మెల్లగా అరగదీయాలి. దగ్గరికి చొచ్చుకెళ్లి ఎడమ హుక్‌తో, అంటే పక్క నుంచి వంపుగా విసిరే పంచ్‌తో, కాలేయం మీద కొడతారు. అక్కడ సరిగ్గా తగిలితే స్పృహ ఉన్నా ఒళ్లు మాట వినదు. హూలియో సీజర్ చావెజ్ మూడు వెయిట్ విభాగాల్లో ఛాంపియన్ అయ్యింది ఈ ఒత్తిడితోనే. ఒలింపిక్ బాక్సింగ్‌లో మాత్రం మెక్సికోవి రెండే స్వర్ణాలు, రెండూ 1968లో సొంతగడ్డపై వచ్చినవే.