ఆన్‌లైన్ బోధనా రంగంలో ఉద్యోగానికి దారి

ప్రశ్న: నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ, ఆపై బీఎడ్ చేసి, భీమవరంలోని ఒక జూనియర్ కళాశాలలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. పాప పుట్టాక మానేసి ఇంటి వద్దే ఉంటున్నాను. ఆన్‌లైన్ బోధనా రంగంలో స్థిరపడాలని ఉన్నా, కెమెరా ముందు మాట్లాడాలంటే బెరుకు. అరవై వేలు కడితే సర్టిఫికెట్‌తో పాటు ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ సంస్థ చెబుతోంది. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఆ డబ్బు ఇప్పుడు కట్టకండి. ఎంత జీతంతో, ఎన్నాళ్లలో ఉద్యోగం ఇప్పిస్తారో, ఇప్పించలేకపోతే రుసుము తిరిగి ఇస్తారో లేదో కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి. వారి మాటకు ఎంత విలువ ఇవ్వవచ్చో అక్కడే తెలుస్తుంది.

కెమెరా బెరుకు మీకు అడ్డు కాదు. ఒక పాఠం వెనుక దాని క్రమాన్ని రూపొందించే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్, విషయాన్ని సరిచూసే నిపుణులు, స్క్రిప్టు, ప్రశ్నలు, తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవారు ఉంటారు. ట్యూషన్ యాప్‌లే ఈ రంగమని మాత్రం అనుకోకండి. కరోనా కాలంలో అంతగా పెరిగిన బైజూస్ మీదే 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. బ్యాంకులు, ఆసుపత్రులు, ఔషధ కంపెనీలు తమ సిబ్బంది శిక్షణకు చేయించుకునే పాఠాల పని వేరు. మీవంటివారు అటువైపు కూడా చూడాలి.

అక్కడ మిమ్మల్ని నిలబెట్టేది మీరు తయారు చేసి చూపే నమూనా పాఠం. మీకు బాగా తెలిసిన విషయం మీ చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల్లోనే ఉంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందన్న అంశాన్ని ఐదారు నిమిషాల పాఠంగా మలచండి. పాఠం పూర్తయ్యాక కొత్తగా చెరువు పట్టిన యువకుడు ఏమి చేయగలగాలన్నది ముందుగా ఒక వాక్యంలో రాసుకోండి: మబ్బు పట్టిన రోజు రాత్రి నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు వేయాలో, ఎందుకు వేయాలో అతను కారణంతో సహా చెప్పగలగాలి. ఆ వాక్యానికి పనికిరాని సమాచారం ఎంత ఆసక్తికరమైనదైనా తీసివేయండి. బొమ్మ చూపుతూ నోటితో వివరించండి. అవే వాక్యాలను తెర మీద కూడా రాసి చదివి వినిపిస్తే నేర్చుకోవడం మెరుగుపడకపోగా కుంటుపడుతుందని అమెరికా విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చూపాయి.

అన్నిటికంటే ఎక్కువ సమయం ప్రశ్నల మీద పెట్టండి, ఎందుకంటే తరగతి గదిలో గడిపినవారికి, గడపనివారికి తేడా అక్కడే బయటపడుతుంది. నీరు పచ్చగా ఉంటే ఆక్సిజన్ ఎప్పుడూ చాలినంత ఉంటుందని చాలామంది నమ్ముతారు. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రి వెలుతురు లేక దానిని వాడుకుంటుందని వారికి తట్టదు. ఆ పొరపాటునే ఒక తప్పు జవాబుగా పెట్టి, దానిని ఎంచుకున్నవారికి ఎక్కడ పొరబడ్డారో వెంటనే వివరించండి. ఎవరూ ఎంచుకోని తప్పు జవాబులతో నిండిన ప్రశ్న ఏమీ పరీక్షించదు. తరువాత నలుగురైదుగురు రైతులకు ఆ పాఠం చూపించి, వారు తడబడిన చోట్లను సరిదిద్ది, మొదటి రూపాన్నీ సవరించిన రూపాన్నీ రెండింటినీ ఇంటర్వ్యూలో చూపండి. మీ ఆలోచన ఎలా సాగుతుందో ఆ రెండూ కలిసి చెబుతాయి.

తెర రికార్డింగుకు ఓబీఎస్ స్టూడియో, ధ్వనికి ఆడాసిటీ ఉచితంగా దొరుకుతాయి. 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో కోర్సులను ఉచితంగా చదువుకోవచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే రుసుము ఉంటుంది. పని ఒప్పుకునేటప్పుడు ఎన్నిసార్లు సవరించి ఇవ్వాలో, డబ్బు ఎప్పుడు అందుతుందో తప్పక రాయించుకోండి.

ప్రశ్న: బీటెక్ పూర్తి చేశాను, ప్రోగ్రామింగ్ వచ్చు. బోధన అనుభవం లేకుండా ఈ రంగంలోకి రావచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రావచ్చు. విద్యార్థుల నమోదు, పాఠాలు, మార్కులు నిర్వహించే ఎల్‌ఎంఎస్ వ్యవస్థలకు సాంకేతిక నిపుణులు కావాలి. అలాంటి ఎల్‌ఎంఎస్‌లలో ఒకటైన, 2002లో తొలిసారి విడుదలైన మూడుల్ ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్) కనుక దానిని మీ కంప్యూటర్‌లోనే స్థాపించి నేర్చుకోవచ్చు. వేర్వేరు ఎల్‌ఎంఎస్‌లలో పాఠం పనిచేసేలా తయారుచేసే స్కార్మ్ పద్ధతిలో ఒక పాఠాన్ని అందులోకి ఎక్కించి, విద్యార్థి పూర్తి చేసిన వివరం, మార్కులు సరిగా నమోదవుతున్నాయో చూడండి. లంక గ్రామాల్లో తక్కువ ధర ఫోన్‌తో చదివేవారికి మధ్యలో నెట్‌వర్క్ తెగితే, తిరిగి వచ్చాక ఆగిన చోటి నుంచే పాఠం మొదలయ్యేలా చేసి, ఆ పని చేసిన తీరును ఒక పేజీలో రాసి దరఖాస్తుకు జతపరచండి.