క్లైమేట్ డిప్లొమాట్ అవుతానంటోంది, బీటెక్‌లో చేర్పించాలా బీఏలోనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. చైనా తరఫున వాతావరణ చర్చలు నడిపిన షియే ఝెన్‌హువా గురించి ఎక్కడో చదివి, తనకూ అదే పని కావాలంటోంది. బీటెక్ మేలా, బీఏ చేసి విదేశాల్లో క్లైమేట్ పాలసీ మాస్టర్స్ మేలా? బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: సార్, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది గానీ చివర్లో బంధువులు మాత్రం తప్పకుండా ఉంటారు.

ముందు ఆ షియే ఏం చదివారో చూడండి. చింగ్‌హువా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ఫిజిక్స్, 1977లో. అప్పటికి క్లైమేట్ కోర్సులు సరే, ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందమే లేదు, అది 1992 నాటిది. పర్యావరణ చట్టంలో మాస్టర్స్ ఆయన నలభై దాటాక, వుహాన్‌లో చేశారు. పార్టీ, ప్రభుత్వం కలిసిపోయిన ఆ వ్యవస్థలో ఆయన ఎదిగిన దారి మనకు పనికిరాదనుకోండి. కానీ ఫ్యాక్టరీలు, బొగ్గు, నదుల కాలుష్యం, ఈ ఫైళ్లతోనే ఏళ్లు గడిపిన మనిషి కాబట్టి చర్చల్లో తన దేశం ఎంతవరకు ఒప్పుకోగలదో ఆయనకు తెలుసు.

ఆ విదేశీ మాస్టర్స్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. బ్రోషర్ నిండా కాప్ (ఐక్యరాజ్యసమితి ఏటా జరిపే వాతావరణ సదస్సు) సమావేశాల ఫొటోలుంటాయి. ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లొచ్చిన పిల్లలతో మాట్లాడాను, ఒప్పందాల పేర్లన్నీ గడగడా చెప్తారు, మన డిస్కమ్‌లు, అదే కరెంటు పంపిణీ సంస్థలు, ఎందుకు నష్టపోతున్నాయంటే నీళ్లు నములుతారు. పైగా దేశం తరఫున బేరమాడేది ఎక్కువగా ప్రభుత్వ అధికారులే, ఆ డిగ్రీ చూసి ఎవరూ ఆ కుర్చీ ఇవ్వరు. ముందు ఇంజినీరింగో ఎకనామిక్సో లానో ఒకటి గట్టిగా చదవనివ్వండి, కొన్నాళ్లు పనిచేశాక స్కాలర్‌షిప్ వస్తే అప్పుడు వెళ్తుంది.

ఇక మీ అసలు భయం, ఇప్పుడు తప్పటడుగు వేస్తే జీవితం పోయినట్టేనని. దానికీ షియే సంగతే చూడండి. 2005 నవంబర్‌లో చైనాలోని జిలిన్‌లో కెమికల్ ఫ్యాక్టరీ పేలి బెంజీన్ అనే విష రసాయనం సోంగ్‌హువా నదిలో కలిసింది, హర్బిన్ నగరానికి నాలుగు రోజులు కుళాయి నీళ్లు ఆపేశారు. అప్పుడు పర్యావరణ శాఖ పెద్ద షియేనే. డిసెంబర్‌లో రాజీనామా చేయాల్సి వచ్చింది, 56 ఏళ్ల వయసులో, దేశమంతా చూస్తుండగా. (వాళ్ల బంధువులు ఏమన్నారో మరి.) కొన్నాళ్లకే దేశ ఆర్థిక ప్రణాళికలు చూసే జాతీయ అభివృద్ధి, సంస్కరణల కమిషన్‌లో ఉపాధ్యక్షుడిగా తిరిగొచ్చారు. 2015లో పారిస్ వాతావరణ చర్చల్లో చైనా ప్రతినిధి ఆయనే. 2021లో మళ్లీ పిలిస్తే వచ్చి అమెరికా తరఫున జాన్ కెర్రీ ఎదురుగా కూర్చున్నారు, 2023 దుబాయ్ కాప్ అయ్యాకే, 74 ఏళ్లకి, తప్పుకున్నారు.

మీ అమ్మాయికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. బీటెక్ అయినా బీఏ అయినా మునిగిపోయేదేం లేదు, నిజం. కానీ తనకి ఫిజిక్స్ ఇష్టమా, చరిత్ర ఇష్టమా అన్నది మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, బంధువులకి మాత్రం చోటు దొరికింది. ఈ రాత్రి టీవీ ఆపి తననే అడగండి సార్. బంధువులు అడిగితే ఇంటర్ చదువుతోందని చెప్పండి, అది నిజమే కదా.